న్యూరాన్లను విడిగా పెంచి చూడడానికి నాకు పది నెలలు పట్టింది: నా అనుభవం

ఈ పని మొదలుపెట్టే ముందు చాలా వెతికాను. మన దేశంలో, మన ల్యాబుల్లో ఉండే వసతులతో ఎవరైనా ఎలుక న్యూరాన్లను (కబుర్లు మోసే నరాల కణాలు), వాటి పక్కనే ఉండే సహాయ కణాలైన ఆస్ట్రోసైట్లు లేకుండా శుద్ధి చేసి పెంచారా, ఎన్ని రోజులు పట్టింది, ఎంత ఖర్చయింది, ఎక్కడ దెబ్బతిన్నారు అని. దొరికినవన్నీ పేపర్లే. పేపర్లో "కణాలను ప్యానింగ్ పద్ధతిలో శుద్ధి చేశాం" అని ఒక్క వాక్యం ఉంటుంది. ఆ ఒక్క వాక్యం కోసం నేను 2024 మే నుంచి 2025 జనవరి దాకా తిరిగాను. అందుకే జరిగింది జరిగినట్టు వరసగా రాస్తున్నాను, ఇదే దారిలో వచ్చేవాళ్లకు కనీసం కవర్‌స్లిప్పుల (కణాలు పెంచే పలచటి గాజు బిళ్లలు) విషయంలో అయినా నాలా రోజులు పోకూడదని.

నేను హైదరాబాద్‌లో ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తున్నాను. మా గైడ్ మేడమ్ ఇచ్చిన ప్రశ్న వినడానికి చిన్నదే. మెదడులో కనెక్షన్లు ఏర్పడే వయసులో, అంటే ఎలుకపిల్ల పుట్టిన రెండు మూడు వారాల్లో, న్యూరాన్లు ఒకదాన్నొకటి పట్టుకోవడానికి పక్కనున్న ఆస్ట్రోసైట్లు ఏం చెబుతాయి? ఆస్ట్రోసైట్లు అన్ని కొమ్మలు వేసుకోవడానికి న్యూరాన్లు ఏం చెబుతాయి? ఎవరు ఎవరితో ఏం చెబుతున్నారో తెలియాలంటే ముందు ఇద్దరినీ విడదీయాలి. 2001లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో బెన్ బారెస్ ల్యాబు వాళ్లు అదే చేశారు. ఎలుకపిల్ల కంటి రెటీనా నుంచి ఒకే రకం న్యూరాన్లను తీసి, ఆస్ట్రోసైట్లు లేకుండా పెంచారు. బతికాయి, తీగలు కూడా వేశాయి, కానీ సినాప్స్‌లు, అంటే ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురు అందించే చోట్లు, మాత్రం అరకొరగానే వచ్చాయి. ఆస్ట్రోసైట్లను జత చేస్తే సినాప్స్‌ల సంఖ్య ఏడింతలు అయింది. అదే పేపర్లో ఇంకో మాట నన్ను పట్టేసింది. ఆ కంటి న్యూరాన్ల తీగలు ఎలుక పుట్టకముందే మెదడులో చేరాల్సిన చోటికి చేరిపోతాయట, కానీ సినాప్స్‌లు ఎక్కువగా ఏర్పడేది పుట్టాక రెండో వారంలో, ఆస్ట్రోసైట్లు అక్కడ తయారయ్యాకే. అంటే వెళ్లాల్సిన చోటికి వెళ్లి కూడా, పక్కన మనిషి వచ్చేదాకా ఆగినట్టు. ఇది నా కళ్లతో చూడాలనిపించింది.

మే 20న ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు పెట్టాను. అనుమతి చేతికొచ్చింది ఆగస్టు 9న. 81 రోజులు. మధ్యలో ఒకసారి వెనక్కి పంపారు, ఇన్ని పిల్ల ఎలుకలు ఎందుకు, లెక్క చూపించు అని. ఒక్కో పిల్లకు రెండు రెటీనాలు, ఒక్కో రెటీనాలో మనకు కావలసిన న్యూరాన్లు సుమారు లక్ష, అందులో చేతికొచ్చేవి సగం కూడా ఉండవు, ఒక ప్రయోగానికి ఇన్ని బావులు (కణాలు పెంచే ప్లేటులోని చిన్న గుంటలు) కావాలి, ప్రయోగం కనీసం మూడుసార్లు చేయాలి, ఇలా ప్రతి అంకె రాసి పంపాను. అప్పుడు చాలా కోపం వచ్చింది, మీటింగు మూడు నెలలకోసారే కాబట్టి ఒక చిన్న సవరణకు కూడా అంత కాలం పోతుంది. తర్వాత మొదటిసారి ఏడు రోజుల పిల్లను అరచేతిలో పట్టుకున్నప్పుడు, ఇంకా కళ్లు కూడా తెరవలేదు, వెచ్చగా ఉంది, ఆ ప్రశ్న అడగాల్సిందే అనిపించింది. నాకు ఆ రోజు అన్నం సయించలేదు. యానిమల్ హౌస్‌లో పనిచేసే అన్న, "మొదటిరోజు అందరికీ అంతేనమ్మా, చేయి వణక్కుండా నేర్చుకో, అదే వాటికి నువ్వు చేసే మేలు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ ప్రతి ప్యానింగ్ రోజు పొద్దున గుర్తు చేసుకుంటాను.

అనుమతి కోసం ఎదురుచూసిన రోజుల్లోనే ఆర్డర్లు పెట్టేయడం నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని. యాంటీబాడీలు (ఒక రకం ప్రొటీన్‌ను మాత్రమే గుర్తుపట్టి అంటుకునేవి) ఒక్కో సీసా 40 వేల నుంచి 60 వేల దాకా, లోపల ఉండేది 100 మైక్రోలీటర్లు, అంటే రెండు చుక్కల నీళ్లంత. నాకు కావలసినవి ఐదు. ఇవి కాక న్యూరాన్లు చావకుండా ఉండడానికి బీడీఎన్ఎఫ్, సీఎన్‌టీఎఫ్ అనే పెరుగుదల ప్రొటీన్లు, సీరం (రక్తంలోని పలచటి ద్రవం), కణాలు గాజుకు అంటుకోవడానికి ల్యామినిన్, కణాలను విడదీయడానికి పాపెయిన్. జనవరి దాకా మొత్తం బిల్లులు కూడితే ఐదున్నర లక్షలు దాటింది. అన్నీ ప్రాజెక్టు డబ్బులే, కానీ సంతకం పెట్టేది నేను కాబట్టి ప్రతిసారీ గుండె దడదడలాడేది. సెప్టెంబరు 3న వచ్చిన డబ్బాలో డ్రై ఐస్ మొత్తం ఆవిరైపోయి ఉంది, వారాంతం అంతా కస్టమ్స్‌లో ఆగిందట. లోపలి యాంటీబాడీ సీసా గోరువెచ్చగా ఉంది. డబ్బా తెరిచేటప్పుడు వీడియో తీశాను కాబట్టి, చాలా మెయిల్స్ తర్వాత కొత్తది పంపించారు, అది రావడానికి ఇంకో ఐదు వారాలు. దయచేసి ఏ పార్సిల్ అయినా తెరిచేటప్పుడు వీడియో తీయండి.

ముందు ఆస్ట్రోసైట్లు. ఇవి సులువు అంటారు అందరూ. 1980లో మెకార్తీ, డి వెల్లిస్ రాసిన పద్ధతే ఇప్పటికీ చాలామంది వాడతారు. ఒకటి రెండు రోజుల ఎలుకపిల్లల కార్టెక్స్ (మెదడు పైభాగం) తీసి, పైనున్న పలచటి పొరను ఒలిచేసి, కణాలను విడదీసి ఫ్లాస్కుల్లో పోస్తే, న్యూరాన్లు చాలావరకు పోయి ఆస్ట్రోసైట్లు అడుగంతా పరుచుకుంటాయి. ఆ పొర ఒలవడం ఎవరూ చెప్పని కష్టం. ఉడికిన పల్లీ గింజ మీద తొక్కలాగా ఉంటుంది, సన్నటి ఎర్రటి రక్తనాళాలతో. కొంచెం మిగిలినా దాని కణాలు ఫ్లాస్కును ఆక్రమించేస్తాయి. ఆగస్టు 20న నాలుగు పిల్లలకు నాకు రెండున్నర గంటలు పట్టింది, మా సీనియర్ అక్కకు అదే పని ఇరవై నిమిషాలు. ఐదో రోజు చూస్తే ఫ్లాస్కు మబ్బుపట్టినట్టు ఉంది, మైక్రోస్కోప్ కింద పెడితే బూజు దారాలు. ముసురు రోజులు, వాటర్ బాత్‌లో నీళ్లు ఎవరూ మార్చలేదు, నేనూ చూసుకోలేదు. నాలుగు ఫ్లాస్కులూ పారబోశాను.

సెప్టెంబరు 10న మళ్లీ వేశాను. పది రోజులకు నిండాయి. 20వ తేదీ రాత్రి ఫ్లాస్కుల మూతలు గట్టిగా బిగించి, చుట్టూ పారాఫిల్మ్ చుట్టి షేకర్ మీద పెట్టి రాత్రంతా ఊపాను. పొద్దున వచ్చి చూస్తే పైపైన అంటుకుని ఉన్న మైక్రోగ్లియా (మెదడులోని రక్షణ కణాలు) లాంటివన్నీ ఊడి నీళ్లలో తేలుతున్నాయి, అడుగున ఆస్ట్రోసైట్లు మాత్రం పెనం మీద పోసిన దోసెల్లా పలచగా, అంచులు ఒకదానికొకటి ఆనుకుని పరుచుకుని ఉన్నాయి. ఆ రూపం గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దాని దగ్గరికే వస్తాను. తర్వాత సీరం పూర్తిగా పోయేలా మూడుసార్లు కడిగి, సీరం లేని మీడియం (కణాలు పెరిగే పోషక ద్రవం) పోసి ఐదు రోజులు ఉంచి, ఆ మీడియాన్ని తీసి గాఢంగా చేసి భద్రపరిచాను. ఆస్ట్రోసైట్లు బయటికి వదిలిన ప్రొటీన్లన్నీ అందులోనే ఉంటాయి. ల్యాబులో మేం దాన్ని "ఆస్ట్రో నీళ్లు" అంటాం. మూడు ఫ్లాస్కుల నుంచి అరవై మిల్లీలీటర్లు తీస్తే చివరికి మిగిలింది ఒక మిల్లీలీటరు కన్నా కొంచెం ఎక్కువ.

ఇక న్యూరాన్లు. ప్యానింగ్ అంటే ఏమిటో ఒక్క ముక్కలో చెబుతాను. ప్లేటు అడుగుకు ఒక యాంటీబాడీ అంటించి, రెటీనా కణాలన్నీ దాని మీద పోస్తే, ఆ యాంటీబాడీ గుర్తుపట్టే కణాలు మాత్రమే అంటుకుంటాయి. ముందు రెండు ప్లేట్లలో వద్దనుకున్నవి అంటుకుపోతాయి, మూడోదానికి థై-1 యాంటీబాడీ ఉంటుంది, మనకు కావలసిన న్యూరాన్లు దానికి అంటుకుంటాయి, మిగతావి కడిగేయాలి. ముందురోజు రాత్రే ప్లేట్లు సిద్ధం చేసుకోవాలి. ఇక్కడ ఒక విషయం, కల్చర్ ప్లేట్లు వాడకూడదు, మామూలు పెట్రీ ప్లేట్లే వాడాలి. కల్చర్ ప్లేటుకు ఏ కణమైనా అంటుకుంటుంది, అప్పుడు యాంటీబాడీతో పనేముంది. నేను మంచివి అని ఖరీదైన కల్చర్ ప్లేట్లు తీసి పెట్టుకుంటే అక్క చూసి ఆపింది.

మొదటి ప్యానింగ్ నవంబరు 6న. పొద్దున ఏడింటికి మొదలుపెడితే సాయంత్రం ఐదున్నర. మధ్యలో ఒక అరటిపండు. 16 రెటీనాల నుంచి మూడు లక్షల కణాలు వచ్చాయి. మర్నాడు చూస్తే సగం చచ్చిపోయాయి, రెండోరోజుకు ఒక్కటీ లేదు, కవర్‌స్లిప్ మీద నల్లటి నలకలు. ఏడుపొచ్చింది. పిల్ల ఎలుకలు ఎనిమిది, నెలల తయారీ, ఏం తప్పు చేశానో కూడా తెలియదు. ప్రొటీన్లు మార్చి చూశాను, ఇన్సులిన్ మార్చాను, పాపెయిన్ సమయం తగ్గించాను. చివరికి తేలింది గాజు కవర్‌స్లిప్పులని. డబ్బాలోంచి తీసి ఆల్కహాల్‌లో ముంచి వాడేశాను. నైట్రిక్ యాసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, కనీసం పదిసార్లు నీళ్లతో కడిగి, వేడికి ఆరబెట్టాలి. పక్క ల్యాబులో అడిగితే "అది అందరికీ తెలిసిందే కదా" అన్నారు. అందరికీ తెలిసింది ఎక్కడా రాసి ఉండదు, అదే బాధ.

నవంబరు 27న రెండోసారి. ఈసారి బతికాయి. మూడోరోజుకు సన్నటి తీగలు, వారానికి పందిరికి పాకిన కాకరతీగల్లా అల్లుకుపోయాయి. నాలుగోరోజు సగం బావుల్లో ఆస్ట్రో నీళ్లు పోశాను, సగం బావుల్లో పోయలేదు. పదోరోజు, డిసెంబరు 7న ఫిక్స్ చేసి (కణాలను ఉన్నవి ఉన్నట్టు నిలిపి) స్టెయిన్ చేశాను (రంగుతో వెలిగే యాంటీబాడీలు పట్టించాను). సినాప్స్‌కు ఇటువైపు ఉండే బస్సూన్ ఎరుపు, అటువైపు ఉండే పీఎస్‌డీ-95 ఆకుపచ్చ, రెండూ ఒకదాని మీద ఒకటి పడితే పసుపు చుక్క. పసుపు చుక్క ఉందంటే అక్కడ సినాప్స్ ఉన్నట్టు లెక్క. 12న కాన్ఫోకల్ మైక్రోస్కోప్ వాడుకోవడానికి స్లాట్ దొరికింది.

తేడా లేదు. ఆస్ట్రో నీళ్లు పోసినా పోయకపోయినా పసుపు చుక్కలు దాదాపు ఒకటే. 2001 నుంచి ఎన్నో ల్యాబుల్లో నిలబడిన ఫలితం నా చేతుల్లో రాలేదంటే తప్పు నాదే అని తెలుసు, కానీ ఏ తప్పో తెలియదు. ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. మర్నాడు మేడమ్ బొమ్మలన్నీ మౌనంగా చూసి, "వీటిలో జీఎఫ్ఏపీ స్టెయిన్ చేశావా?" అని అడిగారు. జీఎఫ్ఏపీ అంటే ఆస్ట్రోసైట్లను గుర్తుపట్టే గుర్తు. చేయలేదు, అవి న్యూరాన్లు మాత్రమే ఉన్న బావులు కదా అని. మిగిలిన రెండు కవర్‌స్లిప్పుల మీద చేశాను. చూస్తే అక్కడక్కడ, వందల న్యూరాన్ల మధ్య ఒకటీ అరా, చేతులు చాచుకుని కూర్చున్న ఆస్ట్రోసైట్లు. ఒంటరిగా ఉన్నాయనుకున్న న్యూరాన్లు ఒంటరిగా లేనే లేవు.

నేను గంటసేపు ఆ మైక్రోస్కోప్ ముందే కూర్చుండిపోయాను. ఎందుకంటే అప్పుడు ఒకటి గమనించాను. ఆస్ట్రోసైట్ పక్కనున్న న్యూరాన్ల మీద పసుపు చుక్కలు దట్టంగా ఉన్నాయి, దూరంగా, కవర్‌స్లిప్ అంచున ఉన్నవాటి మీద పలచగా ఉన్నాయి. దీన్ని లెక్కల్లో వేయలేను, ఇది సరైన ప్రయోగం కాదు. కానీ పాడైపోయిన ఆ కవర్‌స్లిప్ మీదే నాకు మొదటిసారి నమ్మకం కుదిరింది.

అవి ఎక్కడినుంచి వచ్చాయంటే, రెటీనా తీసేటప్పుడు కంటి నరం మొదలు కొంచెం వదిలేస్తున్నాను. రెటీనాలోకి ఆస్ట్రోసైట్లు పాకి వచ్చేదే ఆ నరం వైపు నుంచి. దానికి తోడు మూడో ప్లేటును నాలుగుసార్లే కడిగాను, న్యూరాన్లు కూడా కొట్టుకుపోతాయేమో అన్న భయంతో. అక్క తన ప్లేటును పది పన్నెండుసార్లు కడుగుతుంది, ప్రతిసారీ మైక్రోస్కోప్ కింద పెట్టి కదిలిపోయే కణాలు ఇంకా ఉన్నాయా అని చూస్తుంది. "గట్టిగా పట్టుకున్నవి పోవు, పోయేవి నీవి కావు" అంది.

మూడో ప్యానింగ్‌కు పిల్లలు డిసెంబరు 28న పుట్టాయి. ఏడోరోజు జనవరి 4, ప్యానింగ్ ఆ రోజే. అక్కడినుంచి పదోరోజు ఎప్పుడని వేళ్లు లెక్కపెడితే జనవరి 14, సంక్రాంతి. మాది అమలాపురం దగ్గర పల్లె. సంక్రాంతికి ఊరెళ్లకపోవడం నా జీవితంలో ఎప్పుడూ లేదు. బస్సు టికెట్టు నవంబరులోనే తీసుకున్నాను, దాన్ని రద్దు చేసుకుంటే మూడోవంతు పట్టుకుని మిగతాది వేశారు. అమ్మకు చెప్పడానికి రెండు రోజులు ధైర్యం చాలలేదు. "ఆ కణాలకు ఇంకెవరైనా నీళ్లు పోయలేరా?" అని అడిగింది. పోయగలరు, మీడియం మార్చడం ఎవరైనా చేస్తారు, కానీ ఆరు రోజులు ఆస్ట్రో నీళ్లు పోసి సరిగ్గా ఆ రోజు ఫిక్స్ చేయాలి, అదే రోజు స్టెయిన్ మొదలుపెట్టాలి, ఇంకోసారి పాడైతే నేను తట్టుకోలేను అని చెప్పాను. నాన్న ఫోన్ తీసుకుని, "సరే అమ్మా, నువ్వు పని చూసుకో" అన్నారు. ఆ గొంతు విన్నాక ఇంకా కష్టమనిపించింది.

ఈసారి బావులు నాలుగు రకాలు పెట్టాను. ఒకటి న్యూరాన్లు మాత్రమే. రెండోది ఆస్ట్రో నీళ్లు పోసినవి. మూడోది సన్నటి రంధ్రాల జల్లెడ లాంటి ఇన్సర్ట్‌లో బతికున్న ఆస్ట్రోసైట్లను పైన వేలాడదీసినవి, అంటే రెండూ తాకవు, నీళ్లు మాత్రం ఒకటే. నాలుగోది ఆస్ట్రో నీళ్లతో పాటు గబాపెంటిన్ కలిపినవి.

గబాపెంటిన్ గురించి కొంచెం చెప్పాలి. ఆస్ట్రోసైట్లు వదిలే ప్రొటీన్లలో సినాప్స్‌లను పుట్టించేవి త్రాంబోస్పాండిన్లు అని 2005లో తేలింది. అవి న్యూరాన్ మీద ఆల్ఫా2డెల్టా-1 అనే ప్రొటీన్‌ను పట్టుకుంటాయని 2009లో చాగ్లా ఎరోగ్లూ బృందం చూపించింది. గబాపెంటిన్ మందు వెళ్లి కూర్చునేది కూడా ఆ ప్రొటీన్ మీదే. కాబట్టి ఆ మందు వేస్తే ఆస్ట్రోసైట్ చెప్పేమాట న్యూరాన్‌కు చేరదు. ఇది పేపర్లో చదివినప్పుడు మామూలుగా చదివాను. జనవరి 8న తూకం వేసేటప్పుడు డబ్బా మీద పేరు చూసి చేయి ఆగింది. మా అమ్మకు షుగర్, అరికాళ్ల మంటలకు రెండేళ్లుగా రాత్రిపూట ఆ మాత్రే వేసుకుంటుంది. ఒక్క క్షణం కాళ్లు చేతులు ఆడలేదు. మళ్లీ ఆ పేపర్ తీసి ఆసాంతం చదివాను. అది కొత్తగా పుట్టబోయే సినాప్స్‌లనే ఆపుతుంది, ఉన్నవాటిని కరిగించదు. అమ్మ వయసు 56, నా ప్లేటులో ఉన్నవి వారం రోజుల పిల్ల కణాలు. అమ్మకు మంట తగ్గి నిద్ర పడుతోంది ఆ మాత్రతోనే. మందు విషయం డాక్టరుగారితోనే మాట్లాడాలి గానీ నా ప్లేటు చూసి కాదు అని నాకు నేను చెప్పుకుని, తూకం పూర్తి చేశాను. అమ్మకు ఈ విషయం చాలా రోజుల తర్వాత చెప్పాను.

11వ తేదీ సగం మీడియం మార్చాను. 13 భోగి రోజు క్యాంపస్‌లో ఎవరూ లేరు, సెక్యూరిటీ వాళ్లు, నేను. మధ్యాహ్నం పది నిమిషాలు కరెంటు పోయింది, జనరేటర్ అందుకునే దాకా ఇంక్యుబేటర్ ముందు నిలబడి తలుపు ఎవరూ తీయకుండా కాపలా కాశాను, తీయడానికి ఎవరూ లేకపోయినా. 14న పదకొండింటికి ఫిక్స్ చేశాను. మెస్ మూసేశారు. సీనియర్ అక్కది నల్గొండ, అయినా పొద్దునే వెళ్లి సాయంత్రానికి తిరిగి వచ్చేసింది, డబ్బాలో సకినాలు, అరిసెలు తీసుకుని. ప్రైమరీ యాంటీబాడీ పోసి చల్లగదిలో పెట్టేసి ఇద్దరం మెట్ల మీద కూర్చుని తిన్నాం.

కాన్ఫోకల్ స్లాట్ 21న. ఈసారి అక్క స్లైడ్ల మీద పేర్లు తీసేసి అంకెలు రాసింది, ఏది ఏదో నాకు తెలియకుండా. లెక్కపెట్టేవాడికి తెలిస్తే కన్ను కావలసిన వైపే చూస్తుంది. రోజుకు పది పన్నెండు కణాలు, సాఫ్ట్‌వేర్ లెక్కపెట్టినా హద్దులు మనమే సరిచూసుకోవాలి. ఫిబ్రవరి 3 దాకా అదే పని. నిద్రలో కూడా ఎరుపు, ఆకుపచ్చ చుక్కలే. 4న మేడమ్ గదిలో అక్క కాగితం విప్పింది. న్యూరాన్లు మాత్రమే ఉన్న బావులు అన్నిటికన్నా తక్కువ. ఆస్ట్రో నీళ్లు పోసినవాటిలో నాలుగింతల పైన. ఇన్సర్ట్ వేలాడదీసినవాటిలో ఇంకొంచెం ఎక్కువ. గబాపెంటిన్ కలిపినవి దాదాపు కిందికి, ఒంటరి న్యూరాన్ల దగ్గరికి వచ్చేశాయి. ముందే జీఎఫ్ఏపీ చూసి ఉంచాను, ఒంటరి బావుల్లో ఈసారి ఒక్క ఆస్ట్రోసైట్ లేదు. నాకు మాట రాలేదు. మేడమ్, "ఇప్పుడు ఇంకో రెండుసార్లు రావాలి" అన్నారు, నిజమే, కానీ ఆ గదిలోంచి బయటికి వచ్చి కారిడార్‌లో నిలబడి కాసేపు ఏడ్చాను.

చుక్కలు ఉన్నంత మాత్రాన సినాప్స్ పనిచేస్తున్నట్టు కాదు. త్రాంబోస్పాండిన్ ఒక్కటే వేస్తే పుట్టే సినాప్స్‌లు చూడడానికి బాగానే ఉంటాయి, అటువైపు గ్లుటమేట్‌ను, అంటే న్యూరాన్ వదిలే రసాయన కబురును, అందుకునే యాంపా రిసెప్టర్లు లేక మూగగా ఉంటాయి. వాటికి మాట తెప్పించేది ఆస్ట్రోసైట్లే వదిలే గ్లైపికన్ 4, గ్లైపికన్ 6 అని 2012లో తేలింది. నా ఆస్ట్రో నీళ్లలో అన్నీ కలిసి ఉన్నాయి కాబట్టి మాట రావాలి. అందుకని పెట్టిన నాలుగో ప్యానింగ్ కణాలను పక్క ల్యాబు అబ్బాయి ఫిబ్రవరి 19న ప్యాచ్ చేసి, అంటే కణంలోని కరెంటును కొలిచి, చూపించాడు. ఒంటరి న్యూరాన్‌కు సూది లాంటి గాజు గొట్టం ఆనించి రెండు నిమిషాలు చూశాం. తెర మీద గీత నేరుగా సాగిపోతోంది, మధ్యలో ఎప్పుడో ఒకసారి చిన్న గుంట. తర్వాత ఆస్ట్రో నీళ్లలో పెరిగిన కణం. గీత కిందికీ పైకీ, కిందికీ పైకీ, వాన మొదలైనప్పుడు రేకు మీద చినుకుల్లా ఆగకుండా పడుతున్నాయి. పక్క న్యూరాన్లు దానితో మాట్లాడుతున్నాయి. ఆ అబ్బాయికి ఇది రోజూ చూసేదే, నేను మాత్రం ఇంకో రెండు నిమిషాలు రికార్డ్ చేయమని బతిమాలాను.

ఇక రెండో వైపు. న్యూరాన్లు ఆస్ట్రోసైట్లకు ఏం చెబుతాయి. 2017లో వచ్చిన ఒక పేపర్ ప్రకారం ఆస్ట్రోసైట్ మీద న్యూరోలిజిన్ అనే ప్రొటీన్లుంటాయి, అవి న్యూరాన్ మీది న్యూరెక్సిన్లను పట్టుకుంటేనే ఆస్ట్రోసైట్ కొమ్మలు వేస్తుంది. దీనికి తాకడం కావాలి. కార్టెక్స్ న్యూరాన్లను విడిగా పెంచి, పదిరోజులయ్యాక మార్చి 2న వాటి మీద పచ్చగా వెలిగే జీఎఫ్‌పీ పెట్టిన ఆస్ట్రోసైట్లను కొద్దిగా చల్లాను. 48 గంటలు. దోసెల్లా ఉంటాయని చెప్పానే, అవే కణాలు, అదే ఫ్లాస్కు నుంచి తీసినవి. న్యూరాన్లు లేని కవర్‌స్లిప్ మీద దోసెల్లానే పడుకున్నాయి. న్యూరాన్ల మీద పడినవి మాత్రం నడుము నుంచి చేతులు చాపి, ఆ చేతులకు వేళ్లు, వేళ్లకు ఇంకా సన్నటి వేళ్లు, తుమ్మచెట్టు కొమ్మల్లా చీలిపోయి న్యూరాన్ తీగల వెంట పాకి ఉన్నాయి. న్యూరాన్లు పెరిగిన మీడియం మాత్రమే పోసిన బావుల్లో కొమ్మలు రాలేదు. అంటే ఆస్ట్రోసైట్ మాట నీళ్లలో కలిసి కూడా న్యూరాన్‌కు వెళ్తుంది, న్యూరాన్ చెప్పే ఈ మాట మాత్రం తాకితేనే వెళ్తుంది. నా ప్లేట్లలో నేను చూసినంతవరకు అంతే చెప్పగలను. రెండురోజుల్లో ఒక కణం అంతలా మారిపోతుందని చదివి నమ్మడం వేరు, మార్చి 4న ఆ బొమ్మ తెర మీద మెల్లగా పైనుంచి కిందికి తెరుచుకోవడం చూడడం వేరు.

ఎవరైనా మొదలుపెడుతుంటే రెండు మూడు మాటలు. ఎథిక్స్ కమిటీ మీటింగు తేదీలు ముందే కనుక్కోండి. "న్యూరాన్లు మాత్రమే" అని రాసుకున్న ప్రతి బావిలోనూ మొదటి రోజు నుంచే జీఎఫ్ఏపీ చూడండి, నేను అది చేసి ఉంటే నెల రోజులు మిగిలేవి. ఆస్ట్రోసైట్లను సీరంలో పెంచడం వల్ల అవి మెదడులో ఉన్నట్టు పూర్తిగా ఉండవు. సీరం లేకుండా వాటినీ ప్యానింగ్‌తోనే తీసే పద్ధతి 2011 నుంచి ఉంది, మేం దానికి ఇంకా మారలేదు, మారాలి. రాత్రి పొద్దుపోయాక ఆటో ఖర్చు మీ స్టైపెండ్‌లోంచే పోతుంది, నాకు నెలకు మూడు వేలు అయింది.

న్యూరోలిజిన్ తగ్గించిన ఆస్ట్రోసైట్లతో తర్వాతి ప్రయోగానికి అనుమతి కోసం మళ్లీ దరఖాస్తు పెట్టాను, ఇవాళ్టికి 16 రోజులు. ఈలోగా సినాప్స్‌ల లెక్క మూడోసారి తేవాలి. దానికి పిల్లలు మార్చి 24న పుట్టాయి, ఏడోరోజు 31, అంటే 30న ఉగాది రోజు రాత్రి నేను ప్లేట్లకు యాంటీబాడీ పూస్తూ ఉంటాను. ఈసారి అమ్మ, నాన్న వాళ్లే హైదరాబాద్ వస్తున్నారు. అమ్మ వేపపువ్వు మా చెట్టుదే ఎండబెట్టి తెస్తానంది. ఆ గీత పైకీ కిందికీ కదిలే వీడియో ఫోన్లో ఉంచుకున్నాను, వచ్చాక చూపించాలి.